క్రోనిన్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: సార్, పాత పుస్తకాల బండి మీద స్కాట్లాండ్ నవలాకారుడు ఎ.జె. క్రోనిన్ ‘షానన్స్ వే’ దొరికింది. చదువుతుంటే అంతకుముందే ఏదో జరిగిపోయినట్టు అనిపిస్తోంది. ఆయన నవలలకు వరుస ఉందా? మొదటిదాని నుంచే రావాలా?
– డిగ్రీ విద్యార్థిని, మర్రిగూడ (నల్లగొండ జిల్లా)

జవాబు: నీ అనుమానం నిజమే బిడ్డా. నీ చేతికొచ్చింది రెండో భాగం. దాని ముందుది 1944 నాటి ‘ది గ్రీన్ ఇయర్స్’. తల్లీదండ్రీ పోయిన రాబర్ట్ షానన్ డబ్లిన్ నుంచి స్కాట్లాండ్‌లోని అమ్మమ్మ ఇంటికొస్తాడు. ఆ ఇంట్లో వాడికి తోడు దొరికేది ఓ ముత్తాత. తాగుడూ గొప్పలూ తప్ప వేరే పని లేని మనిషి. ఆ ముసలాయన కోసమన్నా చదవాలి. 1948లో వచ్చిన ‘షానన్స్ వే’ ఆ తర్వాతే. ఇట్లాంటి జంట ఇంకొకటుంది: ‘ఎ సాంగ్ ఆఫ్ సిక్స్‌పెన్స్’ (1964), ‘ఎ పాకెట్‌ఫుల్ ఆఫ్ రై’ (1969). నాకు తెలిసిన మిగతా నవలలు దేనికదే.

కాబట్టి అచ్చయిన వరుస పట్టుకోకు. మొదటి నవల ‘హ్యాటర్స్ కాజిల్’ (1931) అసలే వద్దు. టోపీల కొట్టు బ్రోడీ ఇంటిల్లిపాదినీ కాల్చుకు తింటాడు. 1879లో స్కాట్లాండ్‌లోని టే నది వంతెన రైలుతో సహా నిజంగానే కూలింది. కూతురు ప్రేమించినవాణ్ణి క్రోనిన్ ఆ రైలే ఎక్కించాడు! చదివిస్తది గానీ ఊపిరాడనియ్యదు.

‘ది సిటడెల్’ (1937) తీసుకో. క్రోనిన్ గ్లాస్గోలో వైద్యం చదివి, సౌత్ వేల్స్‌లోని ట్రెడీగర్ అనే బొగ్గుగనుల ఊళ్లో డాక్టరు చేసినవాడు. 1924లో గనుల మెడికల్ ఇన్‌స్పెక్టరయ్యాడు. నవలలో ఆండ్రూ మాన్సన్ కూడా అట్లాంటి ఊరికే కొత్త డాక్టరుగా వస్తాడు. మురుగుకాలువ కారి జనానికి టైఫాయిడ్ తగులుతుంటుంది. పైవాళ్లకు ఎంత మొత్తుకున్నా ఉలుకూ పలుకూ లేదు. ఓ రాత్రి డెన్నీ అనే ఇంకో డాక్టరుతో కలిసి ఆ కాలువను డైనమైటు పెట్టి పేల్చేస్తాడు. అప్పుడు గానీ కొత్తది కట్టరు.

ఈ ఘట్టం మీ మర్రిగూడ దిక్కు వాళ్లకు నేను విప్పి చెప్పాలా? ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషుల మధ్య నేను హెల్త్ అసిస్టెంటుగా ఉద్యోగం చేసిన. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన పేరే పెట్టిన్రు. పేరు పుస్తకాలకెక్కింది, నేను పనిచేసిన ఊళ్లో పటిక డబ్బా మూలకు పడింది. మాన్సన్ కోపం నాకు కొత్తగా అనిపించలేదు.

అదే మాన్సన్ లండన్ పోయి, డబ్బున్న ఆడవాళ్లకు అక్కర్లేని ఇంజెక్షన్లు పొడిచే డాక్టరవుతాడు. తను పంపిన రోగి ఓ చేతకాని సర్జన్ కింద టేబుల్ మీదే పోయాక కళ్లు తెరుస్తాడు. నా మటుకు నాకు ఆ దిగజారుడే నవలకు ప్రాణం. 1948లో బ్రిటన్‌లో ఉచిత వైద్యం తెచ్చిన మంత్రి అనూరిన్ బెవన్‌ది కూడా క్రోనిన్ డాక్టరు చేసిన ఆ ట్రెడీగరే.

తర్వాత గని ప్రమాదం కథ ‘ది స్టార్స్ లుక్ డౌన్’ (1935), చైనా వెళ్లిన పాదిరీ కథ ‘ది కీస్ ఆఫ్ ది కింగ్‌డమ్’ (1941). ‘బియాండ్ దిస్ ప్లేస్’ (1953) మీ ఇంట్లో పెద్దలకు దేవానంద్ హిందీ సినిమా ‘కాలాపానీ’గా తెలిసే ఉంటది. ఆత్మకథలాంటి ‘అడ్వెంచర్స్ ఇన్ టూ వరల్డ్స్’ (1952) మాత్రం అన్నిటికన్నా ఆఖర్న. అందులోనూ కల్పన కలిపినట్టే ఉంటది. నవలలు చదివి ఉంటే ఎక్కడెక్కడ కలిపాడో నీకే పట్టుబడతది.