ఈ మాట నీకెలా తెలిసింది?

చిట్టితల్లీ,

మొన్న శుక్రవారం రాత్రి ఇంటి గ్రూపులో నువ్వు పెట్టిన సర్క్యులర్ గురించే ఈ ఉత్తరం. సెమిస్టర్ పరీక్షలు పది రోజులు వాయిదా అని నువ్వు పెట్టగానే మీ నాన్న సంబరపడిపోయి గుంటూరుకి నీ బస్సు టికెట్ కూడా బుక్ చేసేశాడు. తెల్లారేసరికి అది ఫేక్ అని తేలింది. అప్పటినుంచి నువ్వు గ్రూపులో ఒక్క ముక్క రాయలేదు, హాస్టల్లో కూర్చుని ఏడ్చావని మీ అమ్మ చెప్పింది. నిన్ను మందలించాలని కాదమ్మా రాస్తున్నది. ముప్పై నాలుగేళ్లు పేపర్ డెస్క్‌లో కూర్చుని నేర్చుకున్న పని నీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఆ సర్క్యులర్‌ని ఫోన్లో మళ్లీ తెరిచి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూడు. యూనివర్సిటీ పేరు, ముద్ర, సంతకం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేదీ ఉన్న చోట ఆగు. అక్కడి అంకెలు పక్కనున్న అక్షరాల కంటే కాస్త లావుగా, కొంచెం నల్లగా లేవూ? ఇంకోటి, అందులో కొత్త పరీక్ష తేదీ పక్కన మంగళవారం అని ఉంది. క్యాలెండర్ తీసి చూడు, ఆ రోజు శుక్రవారం. ఎప్పటిదో పాత సర్క్యులర్ తీసుకుని ఎవరో తేదీలు మార్చారు, వారం మార్చడం మర్చిపోయారు. ఇదంతా చూడటానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పరీక్షల విభాగం చూశాను, అక్కడ వాయిదా ఊసే లేదు. నువ్వు పంపేముందు చూడాల్సింది అక్కడే.

మా డెస్క్‌లో ఊరి నుంచి కంట్రిబ్యూటర్ ఫోన్ చేసి వార్త చెప్తే, మా సీనియర్ అడిగించే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఈ మాట నీకెలా తెలిసింది?" చూశావా, విన్నావా, విన్నదైతే ఎవరి దగ్గర, వాళ్లకెలా తెలుసు? నేను ఆ ప్రశ్న అడగని రోజు ఒకటుంది. ఎడిషన్ కట్టే టైముకి ఒక బస్సు ప్రమాదం వార్త వచ్చింది. మృతుల పేర్లు ఫోన్లో చెప్తుంటే రాసుకుని, అలాగే అచ్చుకి పంపేశాను. మర్నాడు పదకొండింటికి ఒక కుర్రాడు మడతపెట్టిన పేపర్ పట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. అందులో వాళ్ల నాన్న పేరుంది. ఆయన ఆస్పత్రిలో కాలికి కట్టుతో బతికే ఉన్నాడు. ఊళ్లో మాత్రం పొద్దున్నే వాళ్లింటి ముందు శామియానా వేసేశారట, వాళ్ల నానమ్మ స్పృహ తప్పి పడిపోయిందట. బస్సులో దొరికిన సంచిలో ఆయన పేరున్న కాగితం చూసి ఎవరో చెప్పారు, ఆ మాటే మా దాకా వచ్చింది. సవరణ నాలుగు లైన్లు వేశాం. ఆ కుర్రాడి ముఖం నాకింకా గుర్తే.

ఇప్పుడు ఆ డెస్క్ నీ చేతిలో ఉంది తల్లీ. నువ్వు ఫార్వర్డ్ నొక్కితే వందమందికి చేరుతుంది, మధ్యలో ఆపి అడిగేవాళ్లు లేరు. 2018 నీకు గుర్తుండదు, అప్పుడు చిన్నదానివి. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన మెసేజీలతో ఊళ్లకి ఊళ్లే రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశాయి. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఆ అనుమానంతోనే కొట్టి చంపారు. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరా పంపించి, డప్పు చాటింపుతో, పాటలతో జనానికి చెప్పించారు. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి అయిదు చాట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. మొదట రాసిందెవరో నీకు పంపినవాళ్లకి కూడా తెలియదు.

ఫొటోల సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు నాకొక ఫొటో వచ్చింది, మెడలోతు నీళ్లలో వీధి, "మన సింగ్ నగర్" అని కింద రాసి ఉంది. సింగ్ నగర్ నిజంగానే మునిగింది, అందుకే వెంటనే నమ్మబుద్ధేసింది. కానీ మూలన ఒక షాపు బోర్డు మీద మలయాళం అక్షరాలున్నాయి. ఫొటో ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో పెట్టి చూస్తే అది 2018 కేరళ వరదలది. అప్పటినుంచి ఏ ఫొటో వచ్చినా మనుషుల్ని చూసేముందు బోర్డులు, బండి నంబర్లు, బస్సు రంగు చూస్తున్నాను. నువ్వూ అలాగే చూడు. వీడియోలైతే ఇంకా జాగ్రత్త. 2023 నవంబరులో రష్మిక పేరుతో తిరిగిన వీడియోలో ఉన్నది వేరే అమ్మాయి, ముఖం మాత్రం అతికించారు.

లింకులు తెరిచేముందు అడ్రస్ చదవడం నేర్చుకో. మొదట్లో వచ్చే రెండు ఏటవాలు గీతలు (//) వదిలేసి, ఆ తర్వాత మొదటి ఒంటి గీత (/) దగ్గర ఆగి, అక్కడినుంచి వెనక్కి చదువు. కవరు మీద జిల్లా పేరు చివర ఉన్నట్టు, అసలు యజమాని అక్కడే తెలుస్తాడు. 'గవ్ డాట్ ఇన్' అక్కడ ఉంటే ప్రభుత్వానిది, 'ఏసీ డాట్ ఇన్' ఉంటే విద్యాసంస్థది. అవే అక్షరాలు మధ్యలో ఎక్కడో ఉండి చివర ఇంకేదో ఉంటే, స్కాలర్‌షిప్ అన్నా ఫలితాలన్నా తెరవకు. డబ్బు నీ ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, అడిగారంటే మోసమే. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు చెయ్యి.

అసైన్‌మెంట్లు చాట్‌బాట్‌తో రాయిస్తున్నావని తెలుసు. అర్థం కాని పాఠం అడిగి తెలుసుకో, మంచిదే. కానీ అది పుస్తకం పేరు, పేజీ నంబరు చెప్పిందంటే లైబ్రరీకెళ్లి ఆ పుస్తకం తీసి చూడాల్సిందే. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల్ని సరిచూడకుండా కోర్టులో పెట్టారు. అసలు అలాంటి తీర్పులే లేవు. 5,000 డాలర్ల జరిమానా పడింది.

అన్నిటికంటే కష్టమైనది ఇంట్లో పెద్దవాళ్ల సంగతి. మీ చిన్న మావయ్య రోజూ షుగర్ తగ్గించే కషాయాలు, దేశం మునిగిపోతోందన్న వార్తలు పెడుతుంటాడు. గ్రూపులో అందరి ముందూ "అది ఫేక్" అని రాయకు, ఆయన చిన్నబుచ్చుకుని ఇంకా రెండు పెడతాడు. విడిగా ఫోన్ చేసి, "మావయ్యా, ఇది ఎక్కడ దొరికింది? నాకు చూస్తే అనుమానంగా ఉంది" అని అడుగు. షుగర్ మాత్రలు మానేశాడేమో కూడా అప్పుడే కనుక్కో, నాకు ఆ బెంగ ఉంది.

చివరిగా ఒక పని చెయ్యాలి నువ్వు. ఆ సర్క్యులర్‌ని ఏయే గ్రూపుల్లో పెట్టావో ఆ అన్నిట్లోనూ ఇవాళే రాయి: "నేను పెట్టింది తప్పు, పరీక్షలు పాత తేదీలకే ఉన్నాయి, క్షమించండి." అంతే, సాకులు వద్దు. నీ క్లాసులో ఇంకా ఎవరైనా పరీక్షలు వాయిదా అనుకుని పుస్తకం మూసి కూర్చున్నారేమో.

మీ నాన్న టికెట్ క్యాన్సిల్ చెయ్యలేదు, నీ ఆఖరి పరీక్ష రోజుకి మార్పించాడు. పొద్దున్నే బస్టాండుకి నేనొస్తాను.

ప్రేమతో,
పెదనాన్న