ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి!

ప్రశ్న: మాది చిన్న వ్యాపారం. మా వెబ్‌సైట్ కంప్యూటర్‌లో బాగానే ఉంది కానీ, ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, పక్కకి జరుపుతూ చదవాల్సి వస్తోంది. ఫోన్ల కోసం వేరే సైట్ చేయించాలా?

జవాబు: అక్కర్లేదండీ. రెండు సైట్లుంటే ఒకదాంట్లో మార్చిన ధర రెండోదాంట్లో పాతదే ఉండిపోతుంది, ఆ టెన్షన్ మీకెందుకు? ఒకే సైట్ స్క్రీన్ వెడల్పును బట్టి సర్దుకునేలా చేయించండి, దాన్నే రెస్పాన్సివ్ డిజైన్ అంటారు.

మీరు చెప్పేదాన్ని బట్టి చూస్తే పేజీలో వ్యూపోర్ట్ ట్యాగ్ (పేజీని ఫోన్ తెర వెడల్పుకి సరిపెట్టమని బ్రౌజర్‌కి చెప్పే కోడ్ లైన్) లేనట్టుంది. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ మీ పేజీ దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుని, మొత్తాన్నీ కుదించి ఆ చిన్న తెరలో ఇరికిస్తుంది. చేర్చాల్సింది ఒక్క లైనే. కానీ పేజీలో అక్షరాలూ బొమ్మలూ ఉండే పెట్టెల వెడల్పులు పిక్సెళ్లలో బిగించేసి ఉంటే పక్కకి జరపడం అప్పటికీ తప్పదు, వాటిని శాతాల్లోకి మార్చమని డెవలపర్‌ని గట్టిగా అడగండి.

ఇంకో మాట, చాలామంది ఫోన్ నంబర్‌ని బ్యానర్ బొమ్మలో కలిపేస్తారు, నాకు అస్సలు నచ్చని పని ఇది! కస్టమర్ దాన్ని నొక్కినా కాల్ వెళ్లదు, కాపీ చేద్దామన్నా మామూలు అక్షరాల్లా సులువుగా కుదరదు. నంబర్‌ని బొమ్మలో కాకుండా టెక్స్ట్‌గానే పెట్టి, నొక్కగానే కాల్ వెళ్లేలా లింక్ ఇవ్వండి. బటన్లు 48 పిక్సెళ్ల ఎత్తుంటే వేలికి సులువుగా అందుతాయి. ఫారంలో అక్షరాలు 16 పిక్సెళ్లకి తగ్గితే ఐఫోన్‌లో టైప్ చేయబోగానే పేజీ దానంతటదే జూమ్ అవుతుంది, అదీ సరిచేయించండి. ఫొటోలు కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించకుండా, సైజు తగ్గించి పెట్టండి.