మొటిమలకి భయపడి పారిపోయారా?

మగవాళ్ళు వాడే హార్మోన్ గర్భనిరోధం గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. కొన్నిట్లో కోపం ఉంది, కొన్నిట్లో భయం ఉంది. ఒకదాంట్లో మాత్రం ప్రమాదం ఉంది. అది కాస్త కింద ఉంటుంది, కుర్రాళ్ళు తప్పకుండా చదవాలి.

ప్రశ్న: డాక్టర్ గారూ, పెళ్ళయిన దగ్గర్నుంచీ మాత్రలు వేసుకునేది నేనే. వికారం, తలనొప్పి, ఊరికే చిరాకు... అడిగితే "కొన్నాళ్ళకి అలవాటైపోతుందమ్మా" అంటారు. మగవాళ్ళకి ఇలాంటిదే ఒక ఇంజెక్షన్ కనిపెట్టారట, వాళ్ళకి మొటిమలు వస్తున్నాయని, మూడ్ బాగుండట్లేదని పరిశోధనే ఆపేశారట. చదివి ఒళ్ళు మండిపోయింది. నిజమేనా? – ఓ పాఠకురాలు

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ పరిశోధనలో చేరిన మగవాళ్ళ మీద మాత్రం చూపించకండి, పాపం వాళ్ళు పారిపోలేదు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కాన్‌రాడ్ అనే పరిశోధన సంస్థ కలిసి ఏడు దేశాల్లో ఈ ట్రయల్ మొదలుపెట్టాయి. మొత్తం 320 మంది మగవాళ్ళు చేరారు, అందరూ 18 నుంచి 45 ఏళ్ళ లోపువాళ్ళు. ఎనిమిది వారాలకోసారి రెండు ఇంజెక్షన్లు, ఒకటి ప్రొజెస్టిన్ (ఆడవాళ్ళ మాత్రల్లో ఉండే తరహా హార్మోన్), ఇంకోటి టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్). పనిచేసిందా అంటే బాగానే చేసింది. ఆరు నెలల్లోపే నూటికి 96 మందిలో వీర్యకణాల సంఖ్య మిల్లీలీటరుకి పది లక్షలు, లేదా అంతకంటే తక్కువకి పడిపోయింది, మామూలుగా అయితే కోటిన్నర పైనే ఉండాలి. ఆ తర్వాత ఇంకే జాగ్రత్తా తీసుకోకుండా దీన్నే నమ్ముకున్న 266 జంటల్లో గర్భం వచ్చింది నలుగురికే.

ఇక సైడ్ ఎఫెక్ట్స్. దాదాపు 46 శాతం మందికి మొటిమలు వచ్చాయి, 23 శాతం మంది సూది వేసిన చోట నొప్పి అన్నారు, 38 శాతం మందికి కోరిక పెరిగింది (దీన్ని కూడా సైడ్ ఎఫెక్ట్స్ ఖాతాలోనే రాశారు, ఎంతమంది నిజంగా బాధపడ్డారో మరి), 17 శాతం మంది మూడ్ సమస్యలు చెప్పారు. ఇందులో తేలిగ్గా తీసుకోకూడనివి కూడా ఉన్నాయి. ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు, దానికి మందు కారణం కాదని పరిశోధకులు తేల్చారు. ఇంకొకరికి వచ్చిన డిప్రెషన్‌కి, మరొకరు కావాలని ఎక్కువ మాత్రలు మింగడానికి మాత్రం మందుతో సంబంధం ఉండొచ్చన్నారు. 2011లో బయటి నిపుణుల కమిటీ ఒకటి ఈ లెక్కలు చూసి, లాభం కంటే రిస్క్ ఎక్కువగా ఉంది, ఇక కొత్తగా ఇంజెక్షన్లు ఇవ్వకండి అని చెప్పింది. అదే ట్రయల్ భద్రతని చూస్తున్న ఇంకో కమిటీ మాత్రం కొనసాగించవచ్చనే అనుకుంది. పైగా మూడ్ ఫిర్యాదుల్లో చాలా భాగం ఒకే సెంటర్ నుంచి వచ్చాయి. మందు లేకుండా ఉత్త సూది వేసి పోల్చి చూసే గ్రూపు లేదు కాబట్టి ఎంత మందు వల్ల, ఎంత మామూలు జీవితం వల్ల అన్నది విడదీయడం కూడా కష్టమైపోయింది.

సైడ్ ఎఫెక్ట్స్ భరించలేక మధ్యలో మానేసినవాళ్ళు 20 మంది. మళ్ళీ ఇస్తే వాడతామని చెప్పినవాళ్ళు నూటికి 75 మంది పైనే. ఈ ఫలితాలు 2016లో అచ్చయ్యాక వార్తల్లో వచ్చింది మాత్రం "మగవాళ్ళు తట్టుకోలేకపోయారు" అని. ఆపింది కమిటీ, పేరు పోయింది మగవాళ్ళది.

మీ మంట ఎక్కడ న్యాయమో కూడా చెప్పాలి. ఆడవాళ్ళ మాత్రని 1956లో ప్యూర్టోరికోలో పెద్ద ఎత్తున పరీక్షించినప్పుడు కూడా 17 శాతం మందికి వికారం, కళ్ళు తిరగడం, తలనొప్పి, వాంతులు వచ్చాయి. ఆ పని చూసుకున్న డాక్టరమ్మ ఎడ్రిస్ రైస్-రే, మందు గర్భాన్ని బాగా ఆపుతోంది గానీ అందరికీ ఇవ్వడానికి ఈ ఇబ్బందులు మరీ ఎక్కువగా ఉన్నాయని తేల్చి చెప్పింది. ఎవరూ ఆగలేదు. 1960లో అమెరికా ఆ మాత్రకి గర్భనిరోధకంగా అనుమతి ఇచ్చేసింది, హార్మోన్ డోసు ఇప్పటి మాత్రల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండగానే. రెండు చోట్లా 17 అనే అంకె రావడం యాదృచ్ఛికమే, లక్షణాలు ఒకటి కావు, కాలమూ ఒకటి కాదు. అయినా ఆ ఆడవాళ్ళు చెప్పిన మాటని ఊహ కింద కొట్టిపారేశారు, ఈ మగవాళ్ళు చెప్పిన మాటని డేటా కింద రాసుకున్నారు. నన్నడిగితే రెండోదే సరైన పద్ధతి, మొదటిసారి కూడా అలాగే చేసి ఉండాల్సింది.

ప్రశ్న: మేడమ్, సూటిగా అడుగుతున్నాను, తిట్టుకోకండి. గర్భం వచ్చేది ఆవిడకి. ఏ జబ్బూ లేని నేను మందు వేసుకుని లేని బాధ ఎందుకు కొని తెచ్చుకోవాలి? ఇంట్లో ఈ మాట అంటే యుద్ధమే జరిగింది. – ఓ పాఠకుడు

జవాబు: తిట్టను. మీరు అడిగిందే ఆ కమిటీలు కూడా అడుగుతాయి, కాస్త మర్యాదగా. మందుని ఒప్పుకోవాలా వద్దా అని చూసేటప్పుడు ఆ మందు వేసుకునే మనిషికి లాభమెంత, నష్టమెంత అనే తూకం వేస్తారు. ఆడవాళ్ళ విషయంలో త్రాసు రెండో పక్కన గర్భం ఉంటుంది, అది చిన్న బరువు కాదు. ఉదాహరణకి రక్తం గడ్డకట్టే సమస్య తీసుకోండి. మాత్ర వాడని, గర్భం కూడా లేని పది వేల మంది ఆడవాళ్ళలో ఏడాదికి 1 నుంచి 5 మందికి వస్తే, మాత్ర వాడేవాళ్ళలో 3 నుంచి 9 మందికి, గర్భిణుల్లో 5 నుంచి 20 మందికి, కాన్పయిన కొత్తలో ఇంకా ఎక్కువగా వస్తుంది. అందుకని మాత్ర వల్ల కొంత రిస్క్ ఉన్నా గర్భం కంటే నయం అని ఒప్పేసుకుంటారు. మగవాడి పక్కన పెట్టడానికి అలాంటి బరువేమీ లేదు. కాబట్టి వాళ్ళ మందుకి చిన్న ఇబ్బంది వచ్చినా పెద్దగానే కనిపిస్తుంది.

లెక్కగా చూస్తే తప్పులేదు. కానీ ఇద్దరు కలిసి చేసే పనికి రిస్క్ మాత్రం ఎవరి ఒంటికి వారిదే అన్నట్టు లెక్కేస్తే, చివరికి మందు రిస్కూ ఆవిడకే, గర్భం రిస్కూ ఆవిడకే అని తేలుతుంది. ఇద్దరినీ ఒక యూనిట్‌గా తీసుకుని లెక్కేయాలని వాదించే వైద్య నైతిక నిపుణులు ఉన్నారు, నేనూ ఆ పక్షమే. అలాగని మగవాళ్ళకి డిప్రెషన్ వస్తే రానివ్వండి, వాళ్ళూ కొంచెం అనుభవించాలి అనే మాట కూడా నాకు నచ్చదు. డెన్మార్క్‌లో పది లక్షల మందికి పైగా ఆడవాళ్ళ రికార్డులు చూసి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు, హార్మోన్ గర్భనిరోధం వాడేవాళ్ళు డిప్రెషన్ మందులు మొదలుపెట్టడం వాడనివాళ్ళ కంటే కొంచెం ఎక్కువగా ఉందని తేలింది. ఆ తేడా చిన్నదే, మాత్రే కారణమని దాంతో రుజువైపోలేదు కూడా. కానీ అప్పటికే మాత్ర వచ్చి యాభై ఏళ్ళు దాటింది, ఇంత పెద్ద ఎత్తున ఆ ప్రశ్న వేయడానికి అంత కాలం పట్టింది.

మీరు మందు వేసుకోకపోవడం మీ ఇష్టం, మీ ఒళ్ళు మీది. కాకపోతే యుద్ధం ఎందుకు జరిగిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ప్రశ్న: ఈ మందు వాడితే మగతనం తగ్గుతుందా? తర్వాత పిల్లలు పుడతారా? – పేరు వద్దు

జవాబు: ముందు ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకి రెండు హార్మోన్లతో ఆర్డర్లు పంపుతుంది, వాటివల్లే అక్కడ టెస్టోస్టెరాన్, వీర్యకణాలు తయారవుతాయి. బయటినుంచి టెస్టోస్టెరాన్, ప్రొజెస్టిన్ ఇస్తే, ఒంట్లో ఇప్పటికే చాలినంత ఉందనుకుని పిట్యూటరీ ఆర్డర్లు ఆపేస్తుంది. వృషణాల లోపల టెస్టోస్టెరాన్ బాగా పడిపోయి వీర్యకణాల తయారీ దాదాపు నిలిచిపోతుంది, అయితే బయటినుంచి ఇచ్చింది రక్తంలో ఉంటుంది కాబట్టి కోరిక, అంగస్తంభన, కండరాలు, గొంతు మామూలుగానే ఉండాలి. వీర్యం కూడా వస్తుంది, అందులో కణాలు ఉండవు, లేదా బాగా తక్కువగా ఉంటాయి, అంతే. కొందరిలో కోరిక పెరుగుతుంది, కొందరిలో తగ్గుతుంది, ఆడవాళ్ళ మాత్రలతో జరిగినట్టే.

ఒక వీర్యకణం తయారవడానికి రెండు నెలలకి పైనే పడుతుంది. అందుకే ఇవాళ మొదలుపెడితే రేపటికి పనిచేసే మందు కాదు. ఆపినప్పుడూ అంతే, నెలలు పడుతుంది. ఇందాక చెప్పిన ట్రయల్లో ఏడాది లోపు దాదాపు 95 శాతం మందికి సంఖ్య మళ్ళీ మామూలుకొచ్చింది, కొద్దిమందికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. త్వరలో పిల్లలు కావాలనుకునేవాళ్ళు దీన్ని పట్టించుకోవాలి. నోటి మాత్రగా పరీక్షించినవాటిలో కొంత బరువు పెరగడం, మంచి కొలెస్ట్రాల్ కాస్త తగ్గడం కనిపించాయి. పదేళ్ళు, పదిహేనేళ్ళు వాడితే గుండెకి ఏమవుతుందన్నది చాలాకాలం వాడినవాళ్ళు ఉంటేనే తెలుస్తుంది, అలాంటివాళ్ళు ఇంకా లేరు.

ప్రశ్న: డాక్టర్, నేను జిమ్‌కి వెళ్తాను. అక్కడ ఒకన్నయ్య టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ తీసుకుంటాడు, అది వాడినంతకాలం పిల్లలు పుట్టరు, కండోమ్ కూడా అక్కర్లేదు అంటున్నాడు. నేనూ తీసుకోవచ్చా? – ఓ కుర్రాడు

జవాబు: వద్దు తమ్ముడూ. మీ అన్నయ్య చెప్పిందాంట్లో నిజం ఒక పిసరు ఉంది, అందుకే అది ప్రమాదం. బయటి టెస్టోస్టెరాన్ వల్ల వీర్యకణాలు తగ్గే మాట నిజమే, 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన ట్రయల్లో వారం వారం టెస్టోస్టెరాన్ ఒక్కటే ఇచ్చి కూడా చూశారు. కానీ అక్కడ ప్రతి మనిషికీ వీర్య పరీక్ష మళ్ళీ మళ్ళీ చేసి, కణాలు పూర్తిగా పోయాయని తేలినవాళ్ళనే ఆ పద్ధతి మీద ఆధారపడనిచ్చారు. ఆరు నెలలు వేయించుకున్నా చాలామందికి పూర్తిగా పోలేదు. నీకు పోయాయో లేదో ఎవరు చూస్తారు? జిమ్‌లో దొరికే సీసాలో నిజంగా ఏముందో, ఎంతుందో ఎవరికి తెలుసు? అంతంత డోసులతో రక్తం చిక్కబడుతుంది, గుండె మీద భారం పడుతుంది, ఆపేశాక సొంత టెస్టోస్టెరాన్ నెలల తరబడి లేవక నీరసం, డిప్రెషన్ వస్తాయి. వద్దనుకున్నప్పుడు గర్భం రాదన్న గ్యారంటీ లేదు, కావాల్సినప్పుడు రాకపోవచ్చు. రెండు విధాలా నష్టమే. కండోమ్ వాడు.

ప్రశ్న: అసలు మగవాళ్ళు రోజూ గుర్తుపెట్టుకుని వాడతారంటే నమ్మాలా? మర్చిపోతే అనుభవించేది మేమే కదా! – ఇంకో పాఠకురాలు

జవాబు: ఈ అనుమానం చాలామంది వ్యక్తం చేస్తారు, నవ్వుతూ. కానీ స్కాట్లండ్, చైనా, దక్షిణాఫ్రికాల్లో దాదాపు 1,900 మంది ఆడవాళ్ళని అడిగి 2000లో ప్రచురించిన సర్వేలో, మా భాగస్వామిని ఈ విషయంలో నమ్మం అన్నవాళ్ళు నూటికి ఇద్దరే. మగవాళ్ళని తొమ్మిది దేశాల్లో అడిగితే సగానికి పైగా వాడటానికి సిద్ధమేనన్నారు, అయితే దేశాన్ని బట్టి అది 28 శాతం నుంచి 71 శాతం దాకా ఉంది. సర్వేలో సరేననడం వేరు, రోజూ వాడటం వేరు అనుకోండి. ఇక నమ్మకం అనేది మగవాళ్ళందరి గురించీ తేల్చాల్సింది కాదు, మీ ఇంట్లో ఉన్న ఒక్కరి గురించి తేల్చుకోవాల్సింది. కరెంటు బిల్లు గడువు గుర్తుండని మనిషి మీద ఇంత పెద్ద భారం పెట్టకండి, అన్నీ చూసుకునే మనిషిని ఊరికే అనుమానించకండి. అప్పుడే పరిచయమైన మనిషి "నేను వాడుతున్నాలే" అంటే మాత్రం నమ్మక్కర్లేదు. మందు ఏదైనా సరే, సుఖవ్యాధుల్ని ఆపేది కండోమ్ ఒక్కటే.

ప్రశ్న: ఇవన్నీ సరే, మార్కెట్లోకి ఎప్పుడు వస్తుంది? మాకు ఇద్దరు పిల్లలు, ఇక చాలు. అప్పటిదాకా నేనేం చేయాలి? – ఓ భర్త

జవాబు: తేదీ చెప్పేవాళ్ళని నమ్మకండి, ఇదిగో వచ్చేస్తోంది అనే మాట దశాబ్దాల నుంచీ వింటున్నాం. హార్మోన్ల దారిలో అందరికంటే ముందున్నది ఒక జెల్, నెస్టోరోన్ అనే ప్రొజెస్టిన్, టెస్టోస్టెరాన్ కలిపింది. రోజుకోసారి భుజాలకి రాసుకోవాలి. 222 మంది మీద చేసిన పరీక్షలో 15 వారాలకి 86 శాతం మందిలో వీర్యకణాలు కావలసినంత తగ్గాయని 2024లో చెప్పారు. రాసుకున్న చోట ఆరేదాకా ఉండి బట్ట కప్పుకోవాలి, లేకపోతే అందులో ఉన్న టెస్టోస్టెరాన్ భార్యకో, ఎత్తుకున్న పిల్లలకో అంటుకుంటుంది. హార్మోన్ లేని వైసీటీ-529 అనే మాత్ర కూడా మనుషుల మీద మొదటి దశ భద్రతా పరీక్ష దాటింది, చేరినవాళ్ళు 16 మందే కాబట్టి ఇప్పుడే పండగ చేసుకోనక్కర్లేదు.

ప్రస్తుతానికి మీ చేతిలో ఉన్నవి రెండే. కండోమ్ సరిగ్గా, ప్రతిసారీ వాడితే ఏడాదిలో నూటికి ఇద్దరికి గర్భం రావచ్చు, మామూలుగా జనం వాడే తీరులో అయితే 13 మందికి. పిల్లలు ఇక చాలు అని ఇద్దరూ ఖాయంగా అనుకుంటే వేసెక్టమీ (వీర్యకణాలు వెళ్ళే గొట్టాల్ని మూసేసే ఆపరేషన్) చేయించుకోండి. అందులో హార్మోన్ల గొడవ లేదు, ఆడవాళ్ళకి చేసే ఆపరేషన్ కంటే చిన్నది, కోరికకీ అంగస్తంభనకీ దాంతో సంబంధం లేదు. మళ్ళీ కలిపే ఆపరేషన్ ఉంది గానీ ప్రతిసారీ ఫలించదు, కాబట్టి కొంచెం డౌట్ ఉన్నా ఆగండి. చేయించుకున్న మర్నాటి నుంచే అయిపోయిందనుకోవద్దు, గొట్టాల్లో మిగిలిన కణాలు పోవడానికి మూడు నెలల దాకా పడుతుంది. వీర్య పరీక్ష చేయించి, కణాలు లేవని రిపోర్ట్ చేతికొచ్చేదాకా కండోమ్ మానకండి, మీ ఆవిడ మాత్రలు వేసుకుంటూ ఉంటే ఆవిడనీ మానొద్దనండి.