యూకేజీ పిల్లల చేత ప్రశ్నలు అడిగించేదెలా?

అడిగినది: బెంగళూరులో ప్రీస్కూల్ టీచర్‌ని. 20 మంది యూకేజీ పిల్లలు. ఇళ్ళలో తెలుగు, కన్నడ, తమిళం. "ఎందుకు?" అంటే నా ముఖం చూస్తారు తప్ప తమంతట తాము ఏమీ అడగరు. ఏం చెయ్యాలి?

ఆ "ఎందుకు"ని కాస్త పక్కన పెట్టండి మేడమ్. ఐదేళ్ళవాళ్ళకి అది పరీక్షే. "ఏం కనబడుతోంది?", "ఇలా చేస్తే ఏమవుతుంది?" అనండి, అని ఆగండి. టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతారనీ, 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయనీ, పిల్లలు అడగడమూ పెరుగుతుందనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించారు. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి, లేకపోతే నోరు ఊరుకోదు.

ఏ భాషలో అడిగినా సరే. "ఇంగ్లీషులో చెప్పు" అంటే అడగబోయింది మింగేస్తారు. మీకు తమిళం రాకపోతే ఆయమ్మ సాయం తీసుకోండి.

రోజుకో యాక్టివిటీ వద్దు, వారమంతా ఒకటే. పెసలు చాలు (రాజ్మా వద్దు, పచ్చిది నమిలితే వాంతులే). రాత్రి నానబెట్టి, మూడు గాజు గ్లాసుల్లో దూది మీద ఐదేసి వెయ్యండి. ఒకటి కిటికీలో, ఒకటి బీరువాలో. మూడోది కిటికీలోనే, కానీ గింజలు మునిగేలా నీళ్ళతో. మొదటిదానితో పోలిస్తే మిగతావాటిలో ఒక్కో తేడాయే ఉండాలి. ఏది బాగా పెరుగుతుందో ముందే చార్టు మీద బొట్టుబిళ్ళ అంటించమనండి. గింజలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి, ముక్కులో దూర్చుకుంటారు. మొదటి రెండు గ్లాసుల్లో దూది చెమ్మగా ఉంటే చాలు, నీళ్ళు కారితే బూజు. డిసెంబరు చలిలో మొలక ఒకట్రెండు రోజులు ఆలస్యం కావచ్చు.

మునిగినవి గాలాడక కుళ్ళి వాసనేస్తాయి. అసలు సంగతి బీరువాలోది. వారం తిరిగేసరికి కాడలు పాలిపోయి పసుపుగా, కిటికీవాటికంటే పొడుగ్గా సాగి ఉంటాయి. "మొక్కకి ఎండ కావాలి" అని చెబుదామనుకున్న టీచర్లు ఇక్కడే కంగారుపడి ఆ గ్లాసు దాచేస్తారు. దాచకండి, వివరించకండి కూడా. గింజలో దాచుకున్న తిండితో, వెలుతురు వెతుక్కుంటూ సాగిందన్నది మీకు తెలిస్తే చాలు. "చీకట్లో భయమేసి పైకి లేచింది" అని ఎవరైనా అంటే, పేరుతో సహా అదే మాట చార్టు మీద రాయండి. "మరి కిటికీలో పెడితే?" అని వాళ్ళే అంటారు. అనకపోతే మర్నాటిదాకా ఆగి మీరే అడగండి. పెట్టిన ఒకట్రెండు రోజుల్లో ఆకులు పచ్చబడతాయి.

వర్క్‌షీట్ ఏదని తల్లిదండ్రులు అడిగితే ఆ చార్టు ఫోటో వాట్సాప్‌లో పెట్టండి.