కుర్చీని బోర్లా వేసి చూడండి

ప్రశ్న: మా నాన్న నలభై ఏళ్ల కింద హైదరాబాద్‌లో వేలంలో రెండు చేతుల కుర్చీలు కొన్నారు. ఏదో గడీ నుంచి వచ్చాయని, ఫ్రెంచి రాజుల కాలం నాటివని అమ్మినాయన చెప్పాడట. కాళ్లు గుండ్రంగా, నిలువు గాడులతో కిందికి సన్నబడుతూ ఉంటాయి. బంగారు పూత పెచ్చులూడుతోంది. ఒక కాలు ఊగుతోంది, సీటులో స్ప్రింగులు గుచ్చుకుంటున్నాయి. గోల్డ్ స్ప్రే కొట్టి కొత్తవాటిలా చేస్తానని ఒక షాపాయన అంటున్నాడు. ఇవ్వమంటారా?
- ఒక టీచర్, వనపర్తి

జవాబు: వద్దమ్మా, ఇప్పుడే ఇవ్వకండి. మీరు పంపిన ఫోటోలన్నీ ముందు నుంచి తీసినవే. మహబూబ్‌నగర్‌లో ఇన్నేళ్లుగా ఉలి పట్టుకుని బతుకుతున్నాను, పాత కుర్చీ వచ్చిందంటే నేను మొదట బోర్లా వేస్తాను.

మీ కుర్చీల కాళ్లు పదహారో లూయీ పద్ధతివి, అంటే 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సును ఏలిన రాజు కాలపు తీరు. అంతకుముందు అక్కడి కుర్చీల కాళ్లు మేక కాళ్లలా వంపు తిరిగి ఉండేవి. ఇటలీలో అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాత రోమన్ పట్టణాలు హెర్క్యులేనియంలో 1738లో, పాంపేయిలో 1748లో తవ్వకాలు మొదలయ్యాక పారిస్‌లో పాత రోమన్ వస్తువుల మీద మోజు పెరిగింది. దాంతో కుర్చీ కాళ్లు కూడా స్తంభాల్లా తిన్నగా అయ్యాయి. కాలు సీటును కలిసే చోట చదరపు దిమ్మె, దాని మీద చెక్కిన పువ్వు ఉంటాయి. అయితే ఇదే పద్ధతిని 19వ శతాబ్దంలో మళ్లీ తెగ చేశారు. అందుకే కాళ్లు చూసి కాలం చెప్పలేం.

సీటు కింద పూత లేని కర్రను చూడండి. బంగారం పూసే కుర్చీలకు ఫ్రెంచి వడ్రంగులు ఎక్కువగా వాడింది బీచ్ అనే యూరప్ చెట్టు కర్ర. లేత రంగులో, సన్నని గోధుమ చుక్కలతో ఉంటుంది. కింద టేకో జిట్రేగో కనబడితే మనవాళ్ల పనే అనుకోండి, అదేం తక్కువ పని కాదు. రంపం గీతలు విల్లులా వంగి ఉంటే గుండ్రటి మిషన్ రంపంతో కోసినట్టు, అంటే ఆ రాజు కాలం తర్వాతి పని.

ఊగే కాలి సంగతి. ఆ ఫ్రెంచి వడ్రంగులు కర్ర కొసను సన్నగా చెక్కిన కుసిని బెజ్జంలో దింపి, అడ్డంగా కర్ర చీల కొట్టేవాళ్లు. స్క్రూలు ఉండవు. ఈ సంగతి తెలియని వయసులో నేను ఒక గడీ కుర్చీకి రెండు ఇనుప స్క్రూలు బిగించి, తెల్ల జిగురు పోశాను. పాలమూరు ఎండకు కర్ర కుంచించుకుంది, వానలకు ఉబ్బింది, స్క్రూ మాత్రం కదల్లేదు. మూడో ఏడు కాలు పైనుంచి కిందికి చీలింది. ఆ ఇంటి పెద్దాయన ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ. మీ కుర్చీ కాలికి చీల మార్చితే చాలు.

స్ప్రింగులు 19వ శతాబ్దంలో వచ్చాయి. అంతకుముందు పట్టీలు అల్లి, పైన గుర్రం వెంట్రుకలు నింపి కుట్టేవాళ్లు. అసలు కుర్చీకే తర్వాత ఎవరో స్ప్రింగులు పెట్టి ఉండొచ్చు కాబట్టి దీన్నిబట్టి కూడా తీర్పు చెప్పను.

బంగారం ఊడిన చోట గోరుతో గీకకుండా భూతద్దం పెట్టి చూడండి. తెల్ల సుద్ద, దాని మీద ఎర్రమట్టి పొర కనబడితే అది రేకు బంగారం. సుద్దలో తోలు జిగురు కలిపి పొరలు పొరలుగా పూసి, రేకు అతికించి, అకీకు రాయితో రుద్ది మెరుపు తెచ్చేవాళ్లు. పారిస్‌లో చట్రం చేసేవాడు, నగిషీ చెక్కేవాడు, బంగారం పూసేవాడు, పరుపు కుట్టేవాడు ఎవరికి వారే. అంతమంది చేతి పని మీద డబ్బా స్ప్రే కొడతానంటే నాకు కోపమొస్తుంది.

చట్రం కింద పేరు ముద్ర కూడా వెతకండి. 1791లో వృత్తి సంఘాలు రద్దయ్యే దాకా పారిస్ వడ్రంగి పేరు కొట్టడం నియమం. 1765లో సంఘంలో మాస్టరైన జార్జ్ జాకబ్ ముద్రలో ఇంటిపేరు 'జె'తో కాక 'ఐ'తో మొదలవుతుంది. దొంగ ముద్రలూ ఉన్నాయి, రాజుగారి పనివాళ్లకు మినహాయింపూ ఉండేది, కాబట్టి ముద్ర ఒక్కదాన్నిబట్టి తేల్చలేం.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రెంచి ఫర్నిచర్ ఉంది, సెలవుల్లో వెళ్లి పోల్చుకోండి. ఈలోగా కుర్చీలను గోడకు జరిపి పెట్టకండి, చెదలు ముందు అక్కడే పడతాయి. మెత్తటి దుప్పటి పరిచి, బోర్లా వేసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి నాలుగు ఫోటోలు తీసి పంపండి.