రేంజ్‌ఫైండర్‌కు తక్కువ ఖర్చులో 90 మి.మీ. లెన్సు: ఎఫ్/4ను చిన్నచూపు చూడకండి

మీ దగ్గర లైకా ఎం6 ఉంది, అంటే రెండు బింబాలను కలిపి ఫోకస్ చేసే రేంజ్‌ఫైండర్ కెమెరా. దానికి 35, 50 మి.మీ. లెన్సులు ఉన్నాయి. మనుషుల ముఖాలు తీయడానికి 75 నుంచి 100 మి.మీ. మధ్యలో ఇంకొకటి కావాలి, ఎక్కువ ఖర్చు పెట్టలేరు. సోవియట్ కాలపు జూపిటర్-9, అంటే 85 మి.మీ. ఎఫ్/2, చవకగా దొరుకుతోంది, కొనవచ్చా అని అడిగారు. కొనకండి. దాని బదులు 90 మి.మీ. ఎఫ్/4 లెన్సు ఒకటి వెతకండి (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే వెలుతురు వచ్చే రంధ్రం, అంటే అపెర్చర్, అంత పెద్దది). నేను చాలా ఏళ్లుగా ఇలాంటి కెమెరాతోనే మనుషుల బొమ్మలు తీస్తున్నాను. నా చేతిలో ఎక్కువగా ఉండేది పాత లైకా ఎల్మార్ 90 ఎఫ్/4. చవకైనది కాబట్టి సర్దుకుపొమ్మని చెప్పడం లేదు, ఈ రకం కెమెరాకు అదే తగినదని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే, లెన్సు గుండానే చూసే ఎస్ఎల్ఆర్ కెమెరాలో ఎక్కువ మి.మీ.ల లెన్సు పెడితే కంటికి కనిపించే దృశ్యం కూడా పెద్దదవుతుంది, ఫోకస్ సులువవుతుంది. రేంజ్‌ఫైండర్‌లో అలా జరగదు. 35 పెట్టినా 90 పెట్టినా వ్యూఫైండర్‌లో కనిపించేది ఒకటే, మధ్యలో రెండు బింబాలు కలిసే చిన్న చతురస్రమూ అంతే ఉంటుంది. ఫోకస్ ఎంత కచ్చితంగా కుదురుతుందనేది కెమెరా మీది రెండు కిటికీల మధ్య దూరాన్ని వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్‌తో గుణిస్తే వచ్చే అంకెను బట్టి ఉంటుంది, అది ఎంత ఎక్కువైతే అంత కచ్చితం. మీ ఎం6లో సుమారు 69 మి.మీ.ను 0.72తో గుణిస్తే దాదాపు 50 వస్తుంది. 1954 నాటి ఎం3లో మాగ్నిఫికేషన్ 0.91 కాబట్టి అది 60 దాటుతుంది. మరో రేంజ్‌ఫైండర్ కెమెరా బెస్సా ఆర్3ఎలో 37. చిన్న లైకా సీఎల్‌లో 19 మాత్రమే. ఆ సీఎల్ కోసమే తయారుచేసిన ఎల్మార్-సి 90 మి.మీ. ఎఫ్/4 దగ్గరే ఆగింది చూశారా, అంతకంటే పెద్ద అపెర్చర్‌ను ఆ రేంజ్‌ఫైండర్ మోయడం కష్టం.

ఇప్పుడు దీన్ని ముఖం మీద పెట్టి చూడండి. 90 మి.మీ. లెన్సుతో ఒక మీటరు దూరంలో ఎఫ్/4 దగ్గర స్పష్టంగా కనిపించే మందం మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఎఫ్/2కు వెళితే అందులో సగం. ఎదుటి మనిషి ఊపిరి పీల్చి వదిలితేనే అంత కదలిక వస్తుంది. మీ కెమెరా సర్దుబాటు సరిగా ఉంటే ఎఫ్/2నూ నిలబెట్టగలదు, కాదనను. కానీ పాత కెమెరా, పాత లెన్సు, మధ్యలో రెండింటినీ కలిపే అడాప్టర్, మూడింటిలోనూ తలా కాస్త తేడా ఉంటే అవన్నీ కలిసి కంటి మీద పడాల్సిన ఫోకస్‌ను చెవి మీదికి తోసేస్తాయి. ఎఫ్/4 ఆ తేడాలను చాలావరకు కడుపులో దాచుకుంటుంది. ముఖం వెనకున్న గోడను, చెట్లను మెత్తగా కరిగించడానికి 90 మి.మీ. దగ్గర అది చాలు కూడా.

జూపిటర్-9 చెడ్డ లెన్సు అనడం లేదు. యుద్ధానికి ముందటి జైస్ సొన్నార్ 85 ఎఫ్/2 నమూనా మీద వచ్చింది, రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే డయాఫ్రమ్‌లో 15 రేకులు, అపెర్చర్ పూర్తిగా తెరిస్తే చర్మం మీద అది ఇచ్చే మృదుత్వం నాకు చాలా ఇష్టం. చిక్కంతా ఫోకస్‌లోనే. సోవియట్ లెన్సుల ఫోకసింగ్ లెక్క లైకా లెక్కతో పూర్తిగా కలవదు. అనంతం దగ్గర సరిపోయినట్టే ఉండి దగ్గరికి వచ్చేకొద్దీ తప్పుతుంది. మీరు దాన్ని వాడేది సరిగ్గా ఆ దగ్గరి దూరంలోనే, అదీ పూర్తిగా తెరిచి. పైగా ఇన్నేళ్లలో చాలామంది విప్పి బిగించిన లెన్సులే ఎక్కువగా దొరుకుతాయి. మీ కెమెరాకు తగ్గట్టు షిమ్‌లు, అంటే పల్చటి సర్దుబాటు రింగులు, పెట్టించడానికి మెకానిక్‌కు ఇచ్చే డబ్బు కలిపితే చవక అన్న మాటే ఉండదు. ఎఫ్/2 మీదే మనసుంటే మర చుట్లతో బిగించే స్క్రూ మౌంట్ నిక్కోర్ 85 ఎఫ్/2 చూడండి. 1950లో ఆ లెన్సుతో తీసిన తన ఫొటో చూసే అమెరికా ఫొటో జర్నలిస్టు డేవిడ్ డగ్లస్ డంకన్ జపాన్ లెన్సుల వైపు తిరిగాడు. కాకపోతే అది బరువు, ధరా ఎక్కువే.

90లలో ఏది? డబ్బు కొంచెం సర్దగలిగితే ఫాక్ట్‌లెండర్ అపో-లాంథార్ 90 ఎఫ్/3.5. వీటన్నిటిలో కొత్తది, రంగులు శుభ్రంగా వస్తాయి, వెలుతురు ఎదురుగా ఉన్నా తట్టుకుంటుంది. అంత వద్దనుకుంటే ఎల్మార్ 90 ఎఫ్/4. దానికి పక్క వెలుతురును అడ్డుకునే హుడ్ తప్పనిసరి, లేకపోతే బొమ్మ పాలిపోతుంది. ఎల్మార్-సి, దాని తోబుట్టువు మినోల్టా ఎం-రోక్కోర్ 90 ఎఫ్/4 రెండూ జేబులో పట్టేంత చిన్నవి. కెనాన్ 100 ఎఫ్/3.5 కూడా తేలికైనదే, వ్యూఫైండర్‌లో ఫొటో హద్దులు చూపే 90 గీతలకు (ఫ్రేమ్ లైన్లకు) కాస్త లోపలికి ఊహించుకుని తీయాలి. సన్నటి టెలె-ఎల్మరిట్ 90 ఎఫ్/2.8 ఊరిస్తుంది కానీ వెనుక గాజుకు మసక పట్టడం దానికి పేరుమోసిన జబ్బు, అది తుడిస్తే పోయేది కాకపోవచ్చు. 135 మి.మీ. లెన్సులు ఇంకా చవక. వాటి జోలికి వెళ్లకండి, ఎం6లో వాటి ఫ్రేమ్ మరీ చిన్నది.

75 మి.మీ. గురించి కూడా ఒక మాట. మీకు 50 ఉండగా అది పెద్ద మార్పేమీ కాదు. ఎం6లో 75 గీతలు 50 గీతల మధ్య ముక్కలు ముక్కలుగా కనిపించి కంటిని తికమక పెడతాయి. 90 గీతలు 28తో కలిసి వస్తాయి, 28వి ఎక్కడో అంచుల్లో ఉంటాయి కాబట్టి మధ్యలో 90 ఫ్రేమ్ ఒంటరిగా, స్పష్టంగా ఉంటుంది. ఆ గీతలు దగ్గరి దూరానికి గీసినవి. నాలుగైదు మీటర్ల అవతల మనిషిని తీస్తే ఫ్రేమ్‌లో కనిపించిన దానికంటే ఎక్కువే ఫిల్ము మీద పడుతుంది, అందుకే కాస్త బిగించి తీయండి.

స్క్రూ మౌంట్ లెన్సు కొంటే అడాప్టర్ 28/90 గీతలు తెచ్చేదై ఉండాలి, దాని మందం సరిగ్గా ఒక మిల్లీమీటరు ఉండాలి. నాసిరకం అడాప్టర్‌తో మంచి లెన్సు కూడా తప్పుడు ఫోకస్ చూపిస్తుంది.

కొనేముందు టార్చి వెలుగు వెనుక నుంచి వేసి గాజులో మసక, బూజు ఉన్నాయేమో చూడండి. డయాఫ్రమ్ రేకుల మీద కాస్త నూనె ఉన్నా బెంగ పడనక్కరలేదు, ఇక్కడ అవి చేత్తో తిప్పేవే. తర్వాత దూరపు టవర్ మీద రెండు బింబాలు కలుస్తున్నాయో లేదో చూసి, ఒక మీటరు దగ్గర స్కేలును ఏటవాలుగా పెట్టి, కెమెరాను స్టాండు మీద బిగించి, పూర్తి అపెర్చర్‌తో తీయండి. ఎవరిదైనా డిజిటల్ ఎం కెమెరా అరువు దొరికితే లెన్సు సంగతి అప్పటికప్పుడే తేలిపోతుంది, కానీ మీ కెమెరా మీద కూడా ఒకసారి ఫిల్ముతో తీసి చూడాల్సిందే.

ఎఫ్/4తో వెలుతురు చాలదేమో అన్న భయం పగటిపూట అక్కరలేదు. 400 ఐఎస్ఓ ఫిల్ము వేసి మనిషిని మంచి కిటికీ పక్కన కూర్చోబెడితే 1/60 సెకను షట్టర్ దొరుకుతుంది, మోచేతులు బల్లకు ఆనిస్తే 90కి అది సరిపోతుంది. రాత్రి గదిలో దీపాల వెలుగులో అయితే మీ 50 మి.మీ. లెన్సునే ఎక్కించి ఒక అడుగు ముందుకు వేయండి.