స్కూల్లో ఒకరికి తట్టు (మీజిల్స్) వస్తే ఏం చేయాలి?

దేవరకొండ దగ్గరి ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి బాబుకు తట్టు వచ్చింది, బడి మూసేయాలా, ఏం చేయాలి అని ఒకరు అడిగారు.

ముందు ఆ బాబును ఇంట్లో ఉంచాలి. దద్దుర్లు కనబడ్డాక కనీసం నాలుగు రోజులు బడికి రాకూడదు. చిక్కేమిటంటే, దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుంది. దగ్గిన పిల్లాడు వెళ్లిపోయినా గది గాలిలో వైరస్ రెండు గంటల దాకా ఉంటుంది. రక్షణ లేని పిల్లలు దగ్గరగా మెలిగితే పదిమందిలో తొమ్మిదిమందికి దాకా రావచ్చు.

అందుకే అదే రోజు ఊళ్లో టీకాలు వేసే నర్సమ్మకు (ఏఎన్ఎం) ఫోన్ చేయండి, అందరి టీకా కార్డులు తెప్పించండి. తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకా 9–12 నెలల్లో ఒకటి, 16–24 నెలల్లో ఇంకొకటి పడాలి. పాలమూరు, దేవరకొండ వైపు వలస వెళ్లొచ్చే ఇళ్లలో రెండోది తప్పిపోయే అవకాశం ఎక్కువ, ముందు వాళ్లనే అడగండి. రోగితో మెలిగిన 72 గంటల్లోపు టీకా వేస్తే జబ్బు రాకుండా ఆగవచ్చు.

మూడు వారాలు ప్రార్థన వేళ పిల్లల్ని గమనించండి: జ్వరం, ముక్కు కారడం, ఎర్రబడి నీళ్లు కారే కళ్లు, చెవుల వెనక మొదలయ్యే దద్దుర్లు.

‘తల్లి పోసింది’ అని దవాఖానకు తీసుకుపోని ఇళ్లూ ఉంటాయి. మంచం పక్కన వేపాకు పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, దానిమీద గొడవొద్దు. కానీ విటమిన్ ఏ డోసులు మాత్రం డాక్టరు చేత రెండు రోజులు వేయించాల్సిందే, కంటిచూపును కాపాడేది అదే. తిండి, నీళ్లు ఆపొద్దు. ఆయాసం, ఫిట్స్, మగత కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.